కూలీ ముందు చెప్పాడు – చట్టం వెనక వచ్చింది

2018 మార్చి 5న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ జారీ చేసింది. ఏడు రకాల రసాయనాలను మన దేశంలో తయారు చెయ్యడం, అమ్మడం, వాడడం, దిగుమతి, ఎగుమతి చెయ్యడం నిషేధమన్నది దాని సారాంశం. 2020 అక్టోబర్ 7న కేంద్ర మంత్రివర్గం అంతర్జాతీయ ఒప్పందం కింద కూడా ఆ ఏడింటి నిషేధాన్ని ఆమోదించింది. ఆ జాబితాలో ఒక పేరు క్లోర్డెకోన్. మన పల్లెల్లో ఈ పేరు విన్న మనిషి దొరకడు. ఎవరూ ఎరగని మందును నిషేధిస్తే మనకు ఒరిగేదేమిటని అనిపించవచ్చు. కాని ఆ ఒక్క పేరు వెనక అరటితోటల కూలీల నెత్తురుంది. ఆ కథ తెలిస్తే రేపు మన చేలో కొట్టబోయే మందు గురించి ఏమడగాలో మనకు తెలుస్తుంది.

మొండి విషం అంటే ఏమిటి?

ఈ ఏడు రసాయనాలూ ఒకే కోవకు చెందినవి. చాలాకాలం నిలిచి ఉండే సేంద్రియ కాలుష్యాలని వీటికి ప్రభుత్వ కాగితాల్లో పేరు. 'సేంద్రియ' అన్న మాట చూసి మోసపోవద్దు. సేంద్రియ ఎరువుకూ దీనికీ సంబంధం లేదు. కర్బనంతో కూడిన రసాయనమని మాత్రమే ఇక్కడ అర్థం. మన భాషలో చెప్పుకోవాలంటే ఇవి మొండి విషాలు. మొండి బాకీ ఎట్లా తీరదో ఇవీ అట్లాగే తీరవు.

వీటికి నాలుగు గుణాలున్నాయి. మొదటిది, ఎండకూ వానకూ మట్టిలోని సూక్ష్మజీవులకూ ఇవి తొందరగా విరగవు. ఏళ్ల తరబడి, కొన్నయితే తరాల తరబడి నేలలో ఉంటాయి. రెండవది, ఇవి నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుచేత ఒంట్లోకి పోయినవి మూత్రంలో బయటికి రాకుండా కొవ్వులో పేరుకుంటాయి. గడ్డి మేసిన గేదె పాలలోకి, ఆ పాలు తాగిన తల్లి చనుబాలలోకి, అక్కడినుంచి బిడ్డ ఒంట్లోకి పోతాయి. మూడవది, గాలిలో, నీళ్లలో వేల మైళ్లు ప్రయాణం చేస్తాయి. ఒక్క చేను కూడా లేని ఉత్తర ధ్రువ ప్రాంతపు ప్రజల ఒంట్లో ఇవి బయటపడ్డాయి. నాలుగవది, కొద్ది మోతాదులోనే మనిషికి హాని చేస్తాయి.

గుళికలు మింగి చనిపోయినవాడి సంగతి ఊరందరికీ తెలుస్తుంది. మొండి విషం అట్లా కనిపించదు. ఈ ఏడాది మందు కొట్టిన కూలీకి పదేళ్ల తర్వాత జబ్బు చేస్తుంది, లేదా అతని బిడ్డకు చేస్తుంది. అప్పటికి ఆ చేను యజమానీ మారి ఉంటాడు, ఆ డబ్బా కూడా ఎక్కడా ఉండదు. సాక్ష్యం మిగలని నేరం ఇది.

అరటితోటల్లో ఏం జరిగింది?

కరీబియన్ సముద్రంలో మార్టినిక్, గ్వాడెలూప్ అనే రెండు దీవులున్నాయి. అవి ఫ్రాన్సు ఏలుబడిలోవి. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసలను పట్టుకొచ్చి చెరుకుతోటల్లో పని చేయించుకున్న తెల్ల భూస్వాముల వారసులే తర్వాతి కాలంలో అక్కడ పెద్ద అరటితోటలకు యజమానులయ్యారు. అరటి దుంపను తొలిచే ముక్కుపురుగును చంపడానికి 1972లో ఫ్రెంచి ప్రభుత్వం క్లోర్డెకోన్ వాడకానికి అనుమతి ఇచ్చింది. తెల్లటి పొడి. కూలీలు, అందులోనూ ఆడకూలీలు, బకెట్లలో మోసుకుపోయి వట్టి చేతులతో ఒక్కొక్క చెట్టు మొదట్లో చల్లేవాళ్లు.

రెండేళ్లు తిరక్కముందే కూలీలకు సంగతి అర్థమయింది. 1974 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మార్టినిక్ అరటికూలీలు సమ్మె కట్టారు. కూలిరేటు పెంచాలన్నది మొదటి డిమాండు. దాంతోపాటే, ఈ విషపు మందులు మాచేత చల్లించవద్దని కూడా అడిగారు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. చట్టం కదలక ముందే కూలిమనిషి చెప్పాడు.

సర్కారు సమాధానం ఏమిటి? ఫిబ్రవరి 14న చల్వే అనేచోట సమ్మె కూలీల మీద సాయుధ పోలీసులు కాల్పులు జరిపారు. ఒక కూలీ చనిపోయాడు. పలువురు గాయపడ్డారు. రెండు రోజులకు మరో యువకుడి శవం దొరికింది. కూలి నాలుగు డబ్బులు పెరిగింది గాని, మందు ఆగలేదు.

మరుసటి ఏడాది అమెరికాలో ఇంకో సంగతి బయటపడింది. వర్జీనియా రాష్ట్రం హోప్‌వెల్ పట్నంలో ఇదే రసాయనం తయారుచేసే కర్మాగారం ఉండేది. అందులోని కార్మికులకు చేతులు వణకడం, కళ్లు అదరడం, మతిమరుపు మొదలయ్యాయి. ఒక డాక్టరు ఒక కార్మికుడి రక్తాన్ని పరీక్షకు పంపితే విషం బయటపడింది. 1975లో ఆ కర్మాగారాన్ని మూసేశారు. పక్కనున్న జేమ్స్ నదిలో చేపలు పట్టడాన్ని ఏళ్ల తరబడి నిషేధించారు.

అమెరికాలో ఇంత జరిగినా దీవుల్లో చల్లడం ఆగలేదు సరికదా, 1981లో ఫ్రెంచి ప్రభుత్వం మళ్లీ అనుమతి ఇచ్చింది. 1990లో నిషేధం పెట్టి కూడా, నిలవ సరుకు ఉంది, తోటల వాళ్లకు ఇబ్బంది అంటూ 1993 దాకా మినహాయింపులిచ్చింది. కూలీలు వద్దన్న 19 ఏళ్లకు గాని మందు ఆగలేదన్నమాట. ఇవ్వాళ ఆ రెండు దీవుల్లో పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా రక్తంలో క్లోర్డెకోన్ కనిపిస్తోంది. నేల శుద్ధి కావడానికి శతాబ్దాలు పట్టవచ్చునని అంచనా. పురుగుమందులతో పనిచేసిన వాళ్లకు వచ్చే ప్రోస్టేట్ కాన్సరును వృత్తి జబ్బుగా 2021లో గుర్తించారు. దీవుల ప్రజలు వేసిన క్రిమినల్ కేసును 2023 జనవరిలో ప్యారిస్ జడ్జీలు కొట్టేశారు. ఇంతకాలం గడిచాక నేరాన్ని రుజువు చెయ్యడం కష్టమన్నారు. విషానికి కాలదోషం పట్టదు గాని, విషం పెట్టినవాడి నేరానికి పడుతుంది!

ఒప్పందం – దాని సందులు

ఇట్లాంటి విషాలను ప్రపంచమంతటా ఆపాలని 2001 మే 22న స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఒక ఒప్పందం కుదిరింది. 2004 మే 17 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశం 2006 జనవరి 13న ఆమోదించింది. మొదట్లో 12 విషాల మీద ఆంక్షలు పెట్టారు. డి.డి.టి., ఆల్డ్రిన్, ఎండ్రిన్ మన పాత రైతులకు బాగా తెలిసినవే. వాటితో పాటు పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్లలో నూనెగా పోసిన పి.సి.బి.లు కూడా అందులో ఉన్నాయి. ఇప్పుడు జాబితా 30 దాటింది.

ఈ విషాలు పొలంలోనే ఉంటాయనుకోవద్దు. 2018లో నిషేధించిన ఏడింటిలో కొన్ని మంటలంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు. సోఫాల్లో, కార్ల సీట్లలో వేసే నురగ మెత్తల్లో, టి.వి., కంప్యూటర్ల ప్లాస్టిక్ పెట్టెల్లో, గోడలకు వేసే థర్మోకోల్ పలకల్లో వీటిని కలుపుతూ వచ్చారు. ధనికుడి ఇంట్లో పదేళ్లు పనిచేసిన టి.వి. పాతసామాన్ల బండికెక్కి చివరికి ఎవరి చేతికి వస్తుంది? రాగితీగ కోసం దాన్ని పగలగొట్టి కాల్చే పేదవాడి చేతికి. అట్లా కాల్చితే డయాక్సిన్లనే మరో మొండి విషం పొగలో పుడుతుంది. పి.సి.బి.ల విషయంలోనూ అంతే. 2016లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చి, 2025 డిసెంబర్ 31 నాటికి వాడకం పూర్తిగా ఆగిపోవాలని గడువు పెట్టింది. చవగ్గా వచ్చిందని పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను ఇంట్లో పెట్టుకోవడం, కీళ్లనొప్పులకు రుద్దుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు.

ఇక సందుల సంగతి. ఒప్పందంలోకి కొత్త విషం ఒకటి చేరినంత మాత్రాన అది మన దేశాన్ని కట్టి పడెయ్యదు. ప్రతి కొత్త పేరునూ మేము విడిగా ఆమోదిస్తేనే మాకు వర్తిస్తుందని చేరేటప్పుడే మన ప్రభుత్వం షరతు పెట్టుకుంది. అందుకే 2009లో ప్రపంచ జాబితాకెక్కిన క్లోర్డెకోన్ మన దేశపు జాబితాలోకి రావడానికి 2018 దాకా పట్టింది. ఎవరూ వాడని మందుకే తొమ్మిదేళ్లు పడితే, లాభాలు కురిపించే మందుకు ఎన్నేళ్లు పడుతుంది? దానికి జవాబు ఎండోసల్ఫాన్ కథలో ఉంది.

కాసరగోడ్ నేర్పిన పాఠం

ఎండోసల్ఫాన్ మన రైతులకు పరిచయం అక్కర్లేని పేరు. పత్తికి, మిరపకు, కందికి, కూరగాయలకు దీన్ని కొట్టని ఊరు లేదు. కేరళ ఉత్తర కొసన ఉన్న కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ రంగంలోని ప్లాంటేషన్ కార్పొరేషనుకు వేల ఎకరాల జీడిమామిడి తోటలున్నాయి. పూతను పాడుచేసే టీ దోమను చంపడానికని 1970ల చివరి నుంచి 2000 దాకా ఆ తోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. కొండవాలున తోటలు, కింద ఇళ్లు, బావులు, వాగులు. పైన చల్లింది కింద తాగేనీళ్లలో పడింది.

ఊళ్లలో వికలాంగ శిశువులు, బుద్ధి ఎదగని పిల్లలు, మూర్ఛలు, కాన్సర్లు ఎక్కువయ్యాయని జనం గగ్గోలు పెట్టారు. దేవుడి శాపమన్నవాళ్లూ ఉన్నారు. వ్యవసాయశాఖలో ఉద్యోగి అయిన లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెక్కి హెలికాప్టర్ చల్లకం మీద స్టే తెచ్చింది. ఆమె చూపిన దారిన ఉద్యమం పెరిగింది. 2000లో చల్లడం ఆగింది. తర్వాత జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి ప్రజల రక్తంలో, నీళ్లలో ఆ మందు అవశేషాలున్నాయని తేల్చారు. మగపిల్లల్లో ఈడు రావడం ఆలస్యమవుతున్నదని కూడా చెప్పారు.

అయినా దేశమంతటా అమ్మకం సాగింది. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో ఎండోసల్ఫాన్‌ను ప్రపంచ జాబితాలో చేర్చే సమావేశం జరిగింది. మన ప్రభుత్వ ప్రతినిధులు నిషేధానికి ఎదురు నిలిచారు. సమావేశం మొదలైన ఏప్రిల్ 25నాడే కేరళ ముఖ్యమంత్రి వి.ఎస్. అచ్యుతానందన్ తిరువనంతపురంలో ఒకరోజు నిరాహారదీక్ష చేశారు. చివరికి నిషేధం ఖాయమయింది గాని, మినహాయింపులతో. పత్తి, వరి, మిరప, కంది, వేరుశనగ, వంగ, బెండ – ఒకటేమిటి, మన నేలలో పండే పంటలన్నీ ఆ మినహాయింపుల జాబితాలో ఉన్నాయి. విషానికి అయిదేళ్ల గడువు, కావాలంటే మరో అయిదేళ్లు. దాన్ని మోసే కూలీకి ఏ గడువూ లేదు.

ఆ గడువును తెగ్గొట్టింది ప్రభుత్వం కాదు. యువజన సంఘం డి.వై.ఎఫ్.ఐ. వేసిన పిటిషను మీద 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2017 జనవరి 10న బాధితులకు తలా 5 లక్షల రూపాయలు మూడు నెలల్లో చెల్లించాలని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఏమయింది? 2022 మేలో అదే కోర్టు లెక్క అడిగితే, 3,704 మంది బాధితుల్లో పరిహారం ముట్టింది ఎనిమిది మందికి. కోర్టుకు వెళ్లినవాళ్లు ఆ ఎనిమిది మందే! కోర్టు గట్టిగా చీవాట్లు పెట్టాకనే చెల్లింపులు కదిలాయి. అప్పుడు అక్కడున్నది వామపక్ష ప్రభుత్వమే. ఆ మాట దాచుకోనక్కర్లేదు. ఏ జెండా ప్రభుత్వమైనా సరే, కింద జనం కదలకపోతే ఫైలు కదలదు. అడగందే అమ్మయినా పెట్టదు.

'స్వదేశీ మందు' వాదన

ఎండోసల్ఫాన్ కంపెనీలు ఒక వాదన తెచ్చాయి. పేటెంటు తీరిపోయిన చవక మందు ఇది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ తయారుచేసేది మన దేశమే, దీన్ని నిషేధించమనడం యూరపు కంపెనీల కుట్ర, వాళ్ల ఖరీదైన కొత్త మందులు మనకు అంటగట్టడానికే ఇదంతా అన్నాయి. ప్రభుత్వరంగ హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ కూడా దీన్ని తయారుచేసేది గనుక ఈ మాట మనలో కొందరికి నచ్చింది కూడా.

ఇందులో సగం నిజముంది. ఎండోసల్ఫాన్‌ను పుట్టించిందీ జర్మనీ కంపెనీయే. లాభం తగ్గాక దాన్ని వదిలేసి కొత్త మందులకు ఎగబాకింది. బహుళజాతి కంపెనీల వ్యాపారం అట్లాగే ఉంటుంది. కాని తయారయింది మన దేశంలోనైనంత మాత్రాన విషం స్వదేశీ అమృతమవుతుందా? కాసరగోడ్ బిడ్డలు పరాయిదేశం వాళ్లా? ఆ ఫాక్టరీలో ముందు విషం పీల్చినవాడూ మన కార్మికుడే. అతని ఉపాధికి ప్రత్యామ్నాయం చూపించాల్సింది ప్రభుత్వం. అతని కూడును అడ్డం పెట్టుకొని విషాన్ని కాపాడడం కంపెనీల ఎత్తుగడ. రైతుకు చవక కావాలన్నది నిజం. ఆ చవక కూలీ ప్రాణంలోంచి కోసిచ్చినది కాకూడదు.

రేపటి పేరు

ఇప్పుడు మన గుమ్మంలో ఉన్న పేరు క్లోరిపైరిఫాస్. చెదలకు, వరికి, పత్తికి, వేరుశనగకు కొట్టే మందే. గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్న కారణాలతో యూరపు దేశాలు 2020లో దీన్ని ఆపేశాయి. అదే ఏడాది మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం 27 పురుగుమందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. అందులో క్లోరిపైరిఫాస్ ఉంది. కంపెనీలు గోల చేశాయి. కమిటీలు వేశారు. 2023లో ఉత్తర్వు వచ్చేసరికి డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్, మోనోక్రోటోఫాస్ వంటి కొద్ది పేర్లే మిగిలాయి. క్లోరిపైరిఫాస్ జారిపోయింది. 2025 మేలో జెనీవా సమావేశం దీన్ని కూడా మొండి విషాల జాబితాకెక్కించింది. ఇక్కడా మినహాయింపులున్నాయి. ఇక ఆమోదం మన ప్రభుత్వం చేతిలో ఉంది. క్లోర్డెకోన్‌కు పట్టినట్లు మరో తొమ్మిదేళ్లు ఆగుదామా?

డబ్బా మీది ముక్కోణం ఏం చెప్పదు?

1958లో కేరళలో పారథియాన్ అనే మందు తిండి సరుకుల్లో కలిసి నూరుమందికి పైగా చనిపోయారు. దాని పర్యవసానంగానే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణాలు ఆ చట్టం నిబంధనల ప్రకారం వేసేవే. ఆ రంగు చెప్పేది ఒక్కటే – వెంటనే చంపే శక్తి ఎంత అని. ఎన్నేళ్లు నేలలో ఉంటుందో, చనుబాలలోకి పోతుందో లేదో ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ కనిపించింది గదా అని నమ్మే కూలీని ఆ గుర్తే మోసం చేస్తుంది.

చట్టంలో మంచి మాటలూ ఉన్నాయి. మందుతో పనిచేసేవాళ్లకు రక్షణ దుస్తులు, ముక్కుకు కట్టుకునే సాధనాలు, విరుగుడు మందులు, శిక్షణ ఉండాలని నిబంధనలు రాశారు. విషప్రమాదాలను తప్పక తెలియజెయ్యాలని ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. మందును రాష్ట్రంలో తాత్కాలికంగా ఆపే అధికారమూ ఉంది. కాని పొడిగింపుతో కలిపినా 90 రోజులకే. మూడు నెలల నిషేధం మొండి విషాన్ని ఏం చేస్తుంది? ఇక అమలు సంగతి కూలీలను అడగనక్కర్లేదు. చిరిగిన చొక్కా, మూతికి తువాలు, వీపున తైవాన్ పంపు. నీళ్లు మోసి మందు కలిపేది ఆడకూలీ. మందు కొట్టిన చేలోనే మర్నాడు కలుపు తీసేదీ, పత్తి ఏరేదీ ఆమే. ఆ బట్టలు ఇంట్లో ఉతికేదీ ఆమే.

మందు లేకుండా పంట ఎట్లా అనే రైతుకు జవాబు మన దగ్గరే ఉంది. పాల్వంచ దగ్గరి పునుకుల ఊరివాళ్లు పత్తికి మందులు కొట్టి కొట్టి అప్పులపాలయ్యారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎరపంటలుగా ఆముదం, బంతి వేసి బయటపడ్డారు. 2003లో తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకున్నారు. చిన్న రైతు, కౌలు రైతు ఒంటరిగా ఆ దారి పట్టడం కష్టం. ఊరంతా పట్టాలి. ప్రభుత్వం వెనక నిలవాలి.

మనం ఏమడగాలి?

సంఘాలు ఈ కింది డిమాండ్లను గ్రామసభల్లోనూ, మండల కార్యాలయాల ముందూ పెట్టాలి.

1. క్లోరిపైరిఫాస్‌ను మొండి విషంగా కేంద్రం వెంటనే ఆమోదించి, మినహాయింపులు లేకుండా నిషేధించాలి. ప్రపంచ జాబితాకెక్కిన ప్రతి పేరుపైనా ఏడాదిలోగా నిర్ణయం ప్రకటించాలి.

2. డబ్బా మీద రంగు ముక్కోణంతో పాటు, ఒంట్లోనూ నేలలోనూ పేరుకుంటుందా లేదా అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి.

3. నిషేధించిన రోజున దుకాణాల్లో ఉన్న సరుకును కంపెనీ తన ఖర్చుతో వెనక్కు తీసుకోవాలి. నిలవ అమ్ముకునేందుకు గడువులివ్వరాదు.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందు కొట్టే కూలీల పేర్లతో రిజిస్టరు పెట్టి, ఏటా వైద్యపరీక్షలు చెయ్యాలి. ఆ రిజిస్టరే రేపటి సాక్ష్యం.

5. పరిహార నిధిని తయారీ కంపెనీల నుంచి వసూలు చెయ్యాలి. బాధితుడు కోర్టుకెక్కితే గాని డబ్బు రాని పద్ధతి పోవాలి.

6. రక్షణ సామగ్రి లేకుండా మందు కొట్టనన్న కూలీకి ఆ రోజు కూలి కోసెయ్యకూడదు.

ఈలోగా ప్రతి కూలీ చెయ్యగలిగింది ఒకటుంది. మందు కొట్టిన ప్రతిసారీ డబ్బా మీది పేరు, బ్యాచి నంబరు, తేదీ, చేను ఎవరిదో పిల్లల చేత ఒక నోటు పుస్తకంలో రాయించి పెట్టుకోవాలి. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పొయ్యకూడదు. మందు బట్టలు విడిగా ఉతకాలి. తల తిరగడం, వాంతి, వణుకు కనిపిస్తే డబ్బాతో సహా ఆసుపత్రికి పోవాలి.

మార్టినిక్ కూలీలు 1974లో చెప్పిన మాటను వినడానికి చట్టానికి 19 ఏళ్లు పట్టింది. వాళ్ల దగ్గర లెక్కలు లేవు, ఒంటి నొప్పి మాత్రమే సాక్ష్యం. మన దగ్గర ఇప్పుడు పేర్లున్నాయి, తేదీలున్నాయి, సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది. కూలిరేటు బేరంలో మందు మాట కూడా పెట్టాలి.